ఆకు చేతిలో ఉంటే చాలు: బెజవాడ వీధి చెట్లను, పొదలను గుర్తుపట్టే పద్ధతి

ఇంటి ముందు ఎర్ర తురాయి ఉండాలని ఒకప్పుడు నర్సరీ నుంచి మొక్క తెచ్చి నాటాను. కుండీకి చీటీ కూడా కట్టి ఉంది. నాలుగో వేసవికి పూసింది. అన్నీ పచ్చ పూలే! అదే గుల్‌మొహర్ అనుకుని నీళ్లు పోసి, మేకల నుంచి కాపాడి పెంచింది తీరా చూస్తే పచ్చ తురాయి. కొన్నాళ్లు నర్సరీ అతన్ని తిట్టుకున్నాను. తర్వాత తెలిసిందేమిటంటే, కొన్న రోజునే ఆకు కాడ మొదలు దగ్గర ఒక్కసారి చూసుకుని ఉంటే ఆ తేడా నాకే కనిపించేది.

అప్పటి నుంచి పొద్దున్నే బందరు కాలువ గట్టు మీద నడిచేటప్పుడు చెట్ల పేర్లు నేర్చుకోవడం మొదలుపెట్టాను. ముందు పూలను నమ్ముకున్నాను. అది కుదరలేదు. చాలా చెట్లకు పూలు నెల, నెలన్నరకు మించి ఉండవు. మిగతా ఏడాదంతా మన ముందు ఉండేది ఆకు, బెరడు, కింద రాలిన చెత్త. కాబట్టి ఈ పద్ధతంతా వాటి మీదే. పువ్వు దొరికితే సంతోషం, అంతే.

ఇంకొక నియమం కూడా పెట్టుకున్నాను. ఒక్క గుర్తు చూసి పేరు చెప్పకూడదు. కనీసం మూడు గుర్తులు ఒకే పేరు చెప్పాలి. ఫోన్‌లో ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్‌లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, నేనూ వాడతాను. కానీ సన్నాకుల చెట్ల దగ్గర అవి తరచూ తడబడతాయి. యాప్ చెప్పిన పేరును ఒక సాక్ష్యంగా తీసుకోండి, తీర్పుగా కాదు.

బయల్దేరే ముందు

ఒక చిన్న నోటుబుక్కు, స్కేలు, ఫోను చాలు. పదిహేను సెంటీమీటర్ల స్కేలు పక్కన పెట్టి ఆకు ఫొటో తీస్తే తర్వాత పోల్చుకోవడం తేలిక. ఎండాకాలంలో మాత్రం ఆరింటికే బయల్దేరండి. మన ఊరిని బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు, ఎనిమిది దాటితే చెట్టు కింద నుంచి కదలాలనిపించదు. కొమ్మలు విరవకండి, రాలిన ఆకు తీసుకోండి. ఏ ఆకునూ, కాయనూ నోట్లో పెట్టుకోవద్దు. మన వీధుల్లో అందంగా పూసే పొదల్లో ప్రాణం తీసేవి కూడా ఉన్నాయి, వాటి సంగతి తర్వాత వస్తుంది.

మొదటి మెట్టు: పైకి కాదు, కిందికి చూడండి

చెట్టు దగ్గరికి వెళ్లగానే అందరూ తలెత్తుతారు. ముందు తల దించండి. ఊడ్చేవాళ్లు రాకముందైతే సగం పని నేల మీదే అయిపోతుంది.

మరమరాలు ఒలకబోసినట్టు లేత ఊదా రంగు పూలు పరుచుకుని ఉంటే అది కానుగ. ఏప్రిల్, మే నెలల్లో చూడండి. ఒక గింజ మాత్రమే ఉండి, కొసన చిన్న ముక్కులా వంగిన బల్లపరుపు కాయలు కూడా అక్కడే దొరుకుతాయి. చెప్పుల కింద జిగురుగా అంటుకునే నల్లటి మందపు కాయలు ఉంటే నిద్రగన్నేరు. మేకలు వాటి కోసం ఎగబడతాయి. ఎండు గడ్డి రంగులో కాగితంలా పలచగా, లోపలి గింజలు ఉబ్బెత్తుగా కనిపించే కాయలైతే దిరిసెన. ఆ కాయలు ఎండాకాలంలో ఆకు రాలిన చెట్టు మీదే ఉండిపోయి గాలికి గలగలమంటాయి. ఆ చప్పుడుతోనే నేను దిరిసెనను దూరం నుంచి పోల్చుకుంటాను. మూరెడు పొడవున చెక్కలాగా గట్టిగా ఉండి, పిల్లలు కత్తియుద్ధం చేసుకునే కాయ ఎర్ర తురాయిది. అంత పొడవే ఉండి, గుండ్రటి నల్ల గొట్టంలా ఉంటే రేల. నడుమ చిన్న రంధ్రంతో, దారానికి గుచ్చడానికే పుట్టినట్టున్న బుల్లి నక్షత్రాలు రాలి ఉంటే పొగడ. ఎండిపోయాక కూడా వాటి వాసన పోదు.

రెండో మెట్టు: ఏది ఆకు, ఏది రెబ్బ?

అందరూ తప్పు చేసేది ఇక్కడే. నేనూ చేశాను. కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం.

పచ్చిమిర్చి కొంటే కూరగాయలమ్మి కొసరుగా రెండు కరివేపాకు రెబ్బలు వేస్తుంది కదా. ఆ రెబ్బలో పదిహేను ఇరవై ఆకులు ఉన్నాయనుకుంటాం. వృక్షశాస్త్రం లెక్కలో ఆ రెబ్బంతా కలిపి ఒకే ఆకు, విడివిడిగా కనిపించేవి దాని ముక్కలు. పాఠ్యపుస్తకాల్లో రెబ్బను సంయుక్త పత్రం అని, ముక్కను పత్రకం అని అంటారు. మనం రెబ్బ, చిట్టాకు అనుకుంటే సరిపోతుంది.

తేడా ఎలా తెలుస్తుంది? మొగ్గను వెతకండి. నిజమైన ఆకు కాడ కొమ్మను తాకే చోట, పైవైపు చంకలో, ఒక చిన్న మొగ్గ ఉంటుంది. రేపు కొత్త కొమ్మ వచ్చేది అక్కడి నుంచే. చిట్టాకు చంకలో మొగ్గ ఉండదు. మామిడి ఆకు మొదట్లో మొగ్గ కనిపిస్తుంది, కాబట్టి అది ఒంటి ఆకు. వేపలో చిట్టాకు దగ్గర వెతికితే ఏమీ ఉండదు, రెబ్బ కాడ మొదటికి వెళ్తే ఉంటుంది. కాబట్టి వేపాకు అంటే ఆ రెబ్బంతా.

ఎక్కడికి పోయినా మోదుగకు మూడే ఆకులంటారు. ఈ లెక్కన చూస్తే మోదుగకు ఎక్కడైనా ఒకటే ఆకు, అదే మూడు ముక్కలుగా చీలింది! మారేడు దళమూ అంతే. మోదుగ ముక్కలు అరచెయ్యంత వెడల్పు, ముళ్లు లేవు. మారేడువి చిన్నవి, కొమ్మకు గట్టి ముళ్లు ఉంటాయి, నలిపితే సువాసన వస్తుంది.

ఇప్పుడు చెట్లు మూడు రకాలుగా విడిపోతాయి. ఒంటి ఆకువి: రావి, మర్రి, బాదం, పొగడ, నరమామిడి, గంగరావి, తెల్లమద్ది. ఒక వరస రెబ్బవి: వేప, కానుగ, రేల, చింత. రెబ్బలోంచి మళ్లీ రెబ్బలు చీలేవి: తురాయిలు, నిద్రగన్నేరు, దిరిసెన, సుబాబుల్, తుమ్మ. మీ చేతిలో ఉన్నది ఈ మూడింట్లో ఏదో తేలితే మిగతా రెండు గుంపులనూ మరచిపోవచ్చు.

మూడో మెట్టు: ఆకులు కొమ్మ మీద ఎలా కూర్చున్నాయి?

ఇది త్వరగా అయిపోతుంది. ఒక కణుపు దగ్గర రెండు ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒక్కటే ఉండి తర్వాతిది అటువైపు ఉందా, లేక చుట్టూ గొడుగులా గుంపుగా ఉన్నాయా? జామ, నేరేడు, నూరువరహాలు, నందివర్ధనం, పారిజాతం, గోరింటలకు ఎదురెదురు. రావి, మామిడి, మందారాలకు ఒక కణుపుకు ఒకటి. గొడుగులా ఏడు ఆకులు కనిపిస్తే ఏడాకుల పాల, పేరులోనే ఉంది. కొన్ని కణుపుల్లో ఐదో ఎనిమిదో కూడా ఉండొచ్చు, కంగారుపడకండి. చలికాలం మొదట్లో రాత్రిపూట ఘాటైన వాసనతో కొందరికి తలనొప్పి తెప్పించేది ఇదే.

నాలుగో మెట్టు: పాలు వస్తాయా?

ఆకు కాడ గిల్లితే తెల్లటి పాలు కారితే జాబితా ఒక్కసారిగా చిన్నదైపోతుంది. మర్రి, రావి, మేడి, జువ్వి ఒక గుంపు. పొగడ, సపోటా ఇంకొకటి. దేవగన్నేరు, పచ్చగన్నేరు, నందివర్ధనం, ఏడాకుల పాల మూడోది. ఈ మూడింట్లో మర్రి గుంపుకు మాత్రమే ఉన్న గుర్తు ఒకటి చెబుతాను. లేత చిగురును సూదిలాంటి ఒక తొడుగు కప్పి ఉంటుంది. అది రాలాక కొమ్మ చుట్టూ ఉంగరంలా గీత మిగిలిపోతుంది. డివైడర్ల మీద కత్తిరించి పెంచే ఫైకస్ మొక్కకు కూడా ఆ ఉంగరం ఉంటుంది. పాలు, ఉంగరం రెండూ కనిపిస్తే, పనస కాదని చూసుకుంటే చాలు, అది మర్రి గుంపే.

పాలు కంటికి తగలనివ్వకండి. ముఖ్యంగా జిల్లేడు పాలు. చూడటం అయిపోగానే చేతులు కడుక్కోండి.

ఐదో మెట్టు: అంచు, వాసన, బుడిపెలు, బెరడు

అంచు రంపంలా ఉందా, నున్నగా ఉందా, అలలుగా ఉందా చూడండి. నలిపి వాసన చూడండి. జామ, నేరేడు, మారేడు, కరివేపాకు వాసనతోనే పట్టుబడతాయి. కానుగాకు నలిపితే ముక్కు పక్కకు తిప్పుకుంటారు.

తెల్లమద్దికి ఆకు మొదట్లో, కాడ కలిసే చోట చిన్న బుడిపెలు, సాధారణంగా రెండు ఉంటాయి. ఆకు తిరగేసి చూస్తే కనిపిస్తాయి, చేత్తో తడిమినా తెలుస్తాయి. బెరడు తెల్లగా నున్నగా పొరలు ఊడుతుంది. కాయకు ఐదు రెక్కలు. మూడు సాక్ష్యాలూ ఎప్పుడూ సిద్ధంగా ఉండే చెట్టిది, మొదటిసారి నేర్చుకునేవాళ్లకు నేను దీన్నే చూపిస్తాను. ఇటీవల రోడ్ల పక్కన ఎక్కువగా నాటిన కోనోకార్పస్ కూడా మద్ది కుటుంబానిదే. సన్నని ఆకులు, దట్టమైన పచ్చదనం, చిన్న చిన్న పూలు గుత్తులు కట్టి తర్వాత బుల్లి దేవదారు కాయల్లా గోధుమరంగుకు మారడం దాని గుర్తులు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడం నిషేధించింది.

బెరడు గురించి ఒక్క మాటే. ముసలి చెట్టుకు పనికొస్తుంది, పడుచు చెట్టుకు మోసం చేస్తుంది. నమ్మదగ్గ బెరడు ఆకాశమల్లెది. పగుళ్లతో బెండులా మెత్తగా ఉంటుంది, గోరుతో నొక్కితే దిగుతుంది.

తికమక పెట్టే జంటలు

*ఎర్ర తురాయి, పచ్చ తురాయి.* నా పాత బాకీ ఇదే. రెండింటికీ రెబ్బలోంచి రెబ్బ చీలిన ఈకల్లాంటి ఆకులు. పూలు లేనప్పుడు ఆకు కాడ కొమ్మను తాకే చోట చూడండి. ఎర్ర తురాయికి అక్కడ చిన్న దువ్వెన పళ్లలా చీలిన రెండు తోకాకులు (కాడ మొదట్లో అటూ ఇటూ మొలిచే చిన్న రేకులు) ఉంటాయి, చిట్టి ఈకల్లా. పచ్చ తురాయికి అవి ఉండవు. దాని లేత కొమ్మల మీద, మొగ్గల మీద తుప్పు రంగు నూగు ఉంటుంది, వేలితో రాస్తే మెత్తగా తగులుతుంది. చిట్టాకులు కూడా కాస్త పెద్దవి. కాయలైతే అసలు పోలికే లేదు. ఎర్రదానికి మూరెడు కత్తులు, పచ్చదానికి వేలెడు పొడవున రాగి రంగు రేకులు. ఎర్ర తురాయి మడగాస్కర్ నుంచి వచ్చింది. దాని పువ్వుకు ఐదు రేకులుంటే అందులో ఒకటి మాత్రం తెలుపు, పసుపు చారలతో వేరుగా ఉంటుంది, ఈసారి రాలిన పువ్వు తీసి చూడండి.

ఇలాంటి ఆకులే కనిపించి, అవి కొమ్మ మీద ఎదురెదురుగా ఉంటే అది తురాయి కాదు. ఊదా పూల జకరండా అయ్యుండొచ్చు.

*నిద్రగన్నేరు, దిరిసెన.* నిద్రగన్నేరు చిట్టాకు డైమండ్ ఆకారంలో, ఈనెకు అటూ ఇటూ సమానం కాకుండా ఉంటుంది. రెబ్బ కొసకు వెళ్లేకొద్దీ పెద్దదవుతుంది. దిరిసెనది రెండు చివరలా గుండ్రంగా, పొడుగ్గా ఉంటుంది. పూలు రెండింటికీ పౌడర్ పఫ్‌లాంటివే. గులాబీ రంగు కలిస్తే నిద్రగన్నేరు, తెలుపు నుంచి ఆకుపచ్చకు తిరిగి మంచి వాసన వస్తే దిరిసెన. సాయంత్రం ఐదున్నరకు ఒక నిద్రగన్నేరు కింద నిలబడి ఆరున్నర దాకా గమనించండి. ఆకులు ఒక్కొక్కటే ముడుచుకుని చెట్టంతా పలచబడి ఆకాశం కనిపిస్తుంది. మబ్బు పట్టినా అంతే చేస్తుంది.

*సుబాబుల్‌ను* వీటితో కలపకండి. అది సన్నగా పెరిగే చెట్టు, తెల్లటి గుండ్రటి బంతి పూలు, గుత్తులుగా వేలాడే పలచటి గోధుమ రంగు కాయలు. నందిగామ వైపు వెళ్తే తోటలకు తోటలే కనిపిస్తాయి, కాగితం మిల్లులకు పంపేది ఆ కర్రే.

*రావి, గంగరావి.* రెండూ హృదయం ఆకారమే. రావాకు కొసన పొడుగాటి తోక, గంగరావికి పొట్టి మొన. రావికి పాలు, గంగరావికి తెల్ల పాలు రావు. గంగరావి పువ్వు పొద్దున పసుపు, సాయంత్రానికి ఎరుపు తిరుగుతుంది. తాడికొండ వైపు పత్తి వేసే మా బాబాయికి ఆ పువ్వు చూపిస్తే, "ఇది మన పత్తికి చుట్టం కదరా" అన్నాడు, పేరు కూడా అడగకుండానే. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. పత్తి, బెండ, మందారం, గంగరావి అన్నీ ఒకే కుటుంబం. పువ్వు మధ్యలో కేసరాలన్నీ ఒక గొట్టంలా అతుక్కుని ఉండటం వీటన్నిటి గుర్తు. పత్తి పువ్వు కూడా అలాగే రంగు మారుతుంది. నేను వారం రోజులు ఆకులు చూసి తేల్చుకున్నది ఆయన ఒక్క చూపుతో చెప్పేశాడు.

*అశోకం, నరమామిడి.* అపార్టుమెంట్ల గోడ వెంబడి పొడుగ్గా స్తంభాల్లా నిలబడి, అంచులు అలలుగా ఉన్న ఒంటి ఆకులు కిందికి వేలాడే చెట్టును మనమంతా అశోక చెట్టు అంటాం. అది నరమామిడి. అసలు అశోకానికి రెబ్బ ఆకులు ఉంటాయి, లేత చిగురు రాగి రంగులో మెత్తగా వేలాడుతుంది, నారింజ ఎరుపు పూలు గుత్తులుగా కొమ్మలకే అంటుకుని పూస్తాయి. నరమామిడి పూలు ఆకుపచ్చగా ఉంటాయి కాబట్టి చాలామంది అది పూయదనే అనుకుంటారు. మా అపార్టుమెంట్ వాట్సాప్ గ్రూపులో ఈ మాట చెప్పి ఒక సాయంత్రమంతా వాదించాల్సి వచ్చింది.

*వేప, తురకవేప.* వేపది ఒక వరస రెబ్బ, చిట్టాకు కొడవలిలా వంగి రంపపు అంచుతో ఉంటుంది. తురకవేపకు రెబ్బలోంచి రెబ్బలు, పూలు ఊదా రంగు.

పొదల దగ్గరికి వస్తే

పొదలను మనిషి కత్తిరిస్తూనే ఉంటాడు కాబట్టి ఆకారాన్ని అసలు నమ్మకండి. ఆకుల అమరికే ఆధారం.

నూరువరహాలకు ఎదురెదురు ఆకులు, వాటి కాడల నడుమ కొమ్మ మీద చిన్న ముల్లులాంటి రేకు, పువ్వుకు నాలుగే రేకులు. నందివర్ధనానికీ ఎదురెదురే, కానీ గిల్లితే పాలు, పువ్వు గాలిమరలా తిరిగిన ఐదు రేకులు. కాగితం పూలకు ముళ్లు. రంగురంగుల రేకులనుకునేవి నిజానికి ఆకులే, వాటి మధ్య ఉన్న సన్నని తెల్ల గొట్టమే పువ్వు. పారిజాతం ఆకు గరుకు కాగితంలా ఉంటుంది, లేత కొమ్మ నలుపలకలు. తంగేడుకు రెబ్బ కాడ మొదట్లో చెవుల్లాంటి వెడల్పాటి తోకాకులు.

జాగ్రత్తగా చూడాల్సింది గన్నేరులను. మామూలు గన్నేరుకు కణుపు దగ్గర మూడేసి ఆకులు గుంపుగా ఉంటాయి, పక్క ఈనెలు దువ్వినట్టు దగ్గర దగ్గరగా కనిపిస్తాయి. పచ్చగన్నేరుకు కణుపుకు ఒక్కటే, ఇంకా సన్నం, పక్క ఈనెలు కంటికి ఆనవు. గిల్లితే పాలు కారతాయి. రెండూ విషమే. పచ్చగన్నేరు గింజ మరీ ప్రమాదం, పిల్లలు ఆడుకునే చోట కింద రాలిన కాయలు ఏరేయండి. పసుపు గంటల పూలు చూసి చాలామంది టెకోమాను కూడా పచ్చగన్నేరు అనేస్తారు. టెకోమాకు రంపపు అంచున్న రెబ్బ ఆకులు, ఎదురెదురుగా. రెండో మెట్టు గుర్తుంటే ఈ పొరపాటు జరగదు.

గన్నేరు అనే పేరు గురించి ఒక ముచ్చట. గన్నేరు, పచ్చగన్నేరు, దేవగన్నేరు, బిళ్ళగన్నేరు నాలుగూ నిజంగానే ఒకే కుటుంబం. పేరు పెట్టిన పల్లెజనం కన్ను అంత సరిగ్గా ఉంది. నిద్రగన్నేరు మాత్రం చిక్కుడు కుటుంబంలోది. వీళ్ల మధ్యకు ఎలా వచ్చి చేరిందో గానీ, కాయ చూస్తే వెంటనే దొరికిపోతుంది.

సాధన ఎలా?

రోజూ ఒకే దారిలో నడవండి. ఆ దారిలో పది చెట్లు ఎంచుకుని నెలకొకసారి వాటి ఆకు, కాయ, చిగురు రాసుకోండి. కొత్త చెట్ల వెంట పరుగెత్తడం కంటే ఆ పదింటినీ ఏడాది పొడవునా చూడటం మేలు. ఎండాకాలంలో ఆకు రాల్చి మోడుగా నిలబడ్డ దిరిసెనను గుర్తుపట్టినవాళ్లు వానాకాలంలో తడబడరు.

ఏడాదికి ఒకసారి పరీక్ష కూడా ఉంది. వినాయక చవితి ముందు రోజు పత్రి కట్ట కొనుక్కొచ్చి కింద పరిచి, పూజకు ముందే వేరు చేయండి. ఇరవై ఒక్క రకాల్లో రావి, మామిడి, మారేడు, దానిమ్మ, గన్నేరు, జిల్లేడు, జమ్మి, మద్ది, రేగు, వావిలి మన చెట్లూ పొదలే. తోక ఉందా, మూడు దళాలున్నాయా, పాలు కారాయా, మొదట్లో రెండు బుడిపెలున్నాయా చూసుకుంటూ పొండి. పోయినసారి మా కట్టలో మద్ది పేరుతో వచ్చింది జామాకు. నలిపి వాసన చూడగానే మా ఆవిడే పట్టేసింది.

ఇంటి ముందు పచ్చ తురాయిని మాత్రం కొట్టించలేదు. నీడ బాగుంది. ఎర్ర తురాయి నాటుతున్నానని మొదట్లో వీధిలో అందరికీ చెప్పుకున్నాను కాబట్టి, ఇప్పటికీ కొరియర్ కుర్రాళ్లకు పక్కింటివాళ్లు "ఆ ఎర్ర తురాయి ఉన్న ఇల్లు" అనే దారి చెబుతున్నారు. వాళ్లు వచ్చి, పచ్చ పూల కింద నిలబడి ఫోన్ చేస్తారు, "సార్, ఇల్లు ఎక్కడ?" అని.